కూతవేటు దూరం

మా బాతెల్ గుడిలో ప్రసాదం పళ్ళెం పట్టుకుని నిలబడ్డ ఇద్దరు తెలుగువాళ్ళు కొత్తగా పరిచయమైతే మొదటి ప్రశ్న "ఇండియాలో ఏ ఊరండీ?" అని. రెండోది "ఎటు మీంచి వెళ్తారు?" అని. ఇక ఆ తర్వాత అరగంట ఎవరికీ ఊపిరి సలపదు. దుబాయ్ మీదుగా వెళ్తే ఎంతసేపు ఆగాలి, ఏ ఎయిర్‌పోర్టులో కుర్చీల మీద కాళ్ళు చాపుకోవచ్చు, పచ్చడి సీసా ఏ పెట్టెలో పెడితే పట్టుకోరు - అందరూ పండితులే. "నేను ఇరవై రెండు గంటల్లో హైదరాబాదులో దిగానండీ" అని ఒకాయన అంటే, పక్కాయన కాస్త చిన్నబుచ్చుకుంటాడు. ఆయనకి ఇరవై ఆరు పట్టింది మరి.

నేనూ ఆ పండితుల్లో ఒకణ్ణే. మా అబ్బాయి చిన్నప్పుడు వాడి గ్లోబు మీద దారం పెట్టి కొలిచి చూపించాను. సియాటిల్ నుంచి హైదరాబాదుకి దారం బిగించి లాగితే అది పసిఫిక్ సముద్రం మీంచి పోదు. పైకెక్కి, అలాస్కా దాటి, ఉత్తర ధ్రువానికి దగ్గర్లో మంచు సముద్రం మీదుగా సైబీరియాలోకి దిగి, అక్కడినుంచి కిందికి జారుతుంది. పన్నెండున్నర వేల కిలోమీటర్లు. పాతకాలపు లెక్కలో ఆమడ అంటే సుమారు ఎనిమిది మైళ్ళు కాబట్టి, వెయ్యి ఆమడలకి ఓ ముప్ఫై తక్కువ. గంటకి తొమ్మిది వందల కిలోమీటర్ల వేగంతో ఆ దారం వెంట ఆగకుండా పోతే పద్నాలుగు గంటలు. కానీ ఆ దారం వెంట నేనెప్పుడూ పోలేదు. 2020లో సియాటిల్ నుంచి బెంగళూరుకి నేరుగా విమానం వేస్తామని ప్రకటన వచ్చినప్పుడు మా గుడిలో పండగ చేసుకున్నంత పని చేశారు. అది ఎగరనే లేదు. 2012లో సియాటిల్ నుంచి దుబాయ్‌కి విమానం మొదలయ్యాక మాలో చాలామందికి అదే దారి అయింది. అటు తిరిగి వెళ్తే దూరం పద్నాలుగున్నర వేల కిలోమీటర్లు. హైదరాబాదులో దిగాక మా ఊరికి, అంటే భీమవరం పక్కకి, ఇంకో నాలుగు వందల కిలోమీటర్లు కారులో.

ఈ లెక్కలన్నీ నాకు నోటికొచ్చు. లెక్క తెలీక చేసిన తప్పు కాదు కాబట్టే ఇదంతా చెప్పడం.

2014 జనవరి 19, ఆదివారం. రాత్రి ఎనిమిది గంటలకి అక్క ఫోను చేసింది. అక్కడ సోమవారం పొద్దున తొమ్మిదిన్నర. నాన్న పెరట్లో పడిపోయాడనీ, భీమవరంలో ఆసుపత్రిలో చేర్చారనీ, మాట కాస్త ముద్దగా వస్తోందనీ, డాక్టరు గారు "రెండు రోజులు చూద్దాం" అన్నారనీ చెప్పింది. నేను అన్నీ అడిగాను. బీపీ ఎంత, స్కాన్ తీశారా, డబ్బు పంపమంటావా. ఆఖర్న అడిగాను.

"రావాలా అక్కా?"

అక్క కాసేపు మాట్లాడలేదు. "నీ ఇష్టం తమ్ముడూ. నీకు అక్కడ ఎన్ని పనులుంటాయో ఏమో" అంది.

మర్నాడు మార్టిన్ లూథర్ కింగ్ సెలవు. ఆఫీసు కూడా లేదు. కంప్యూటర్‌లో టికెట్ల పేజీ తెరిచే ఉంచాను. తెరిచి ఉంచడంలో ఒక తృప్తి ఉంది. సగం వెళ్ళినట్టు ఉంటుంది. గురువారం ఆఫీసులో ఒక రిలీజు ఉంది. అంతకు ముందు 2011లో నాన్నకి ఇలాగే అయితే ఉరుకులు పరుగుల మీద వెళ్ళాను. నేను వెళ్ళేసరికి ఆయన మంచం మీద కూచుని పేపరు చదువుకుంటున్నాడు. "ఎందుకురా ఇంత డబ్బు దండగ?" అని కేకలేశాడు. ఈసారీ అంతే అవుతుందనుకున్నాను. అలా అనుకోవడం నాకు కావలసి ఉంది.

బుధవారం తెల్లవారుజామున ఐదింటికి మళ్ళీ ఫోను మోగింది. ఈసారి బావ. అక్కడ సాయంత్రం ఆరున్నర.

ఐదు గంటల్లో ఎయిర్‌పోర్టులో ఉన్నాను. రిలీజు గుర్తే రాలేదు. టికెట్ ధర చూడలేదు. మేనేజరుకి కారులోంచి రెండు ముక్కలు రాసి పడేశాను. అక్కణ్ణించి ముప్ఫై ఒక్క గంటల్లో మా ఇంటి గుమ్మం ఎక్కాను. శుక్రవారం తెల్లవారింది. వాకిట్లో షామియానా, కుర్చీలు, మధ్యలో భీమవరం నుంచి అద్దెకి తెచ్చిన ఫ్రీజర్ బాక్సు. దాని మోటారు చప్పుడు ముప్ఫై ఆరు గంటలుగా మోగుతోందన్నమాట. అద్దం మీద తేమ పట్టి నాన్న మొహం సరిగ్గా కనపడలేదు. అక్క తన పమిట చెంగుతో తుడిచి చూపించింది.

తిరుగు ప్రయాణంలో, దుబాయ్‌లో నాలుగు గంటలు ఆగినప్పుడు, నాప్కిన్ మీద ఒక లెక్క వేశాను. ఆదివారం రాత్రి ఫోను రాగానే టికెట్ కొని, సోమవారం పొద్దున పదింటికి ఎయిర్‌పోర్టుకి వెళ్ళి ఉంటే, అవే ముప్ఫై ఒక్క గంటలకి బుధవారం పొద్దున ఆరున్నరకి నాన్న దగ్గర ఉండేవాణ్ణి. ఆయన పోయింది సాయంత్రం ఆరున్నరకి. పన్నెండు గంటలు. మధ్యాహ్నం దాకా మాట్లాడుతూనే ఉన్నాడని అక్క చెప్పింది. "వాడికి చెప్పారా?" అని ఒకసారి అడిగాడట. "చెప్పాం నాన్నా" అందట.

బతికున్న నాన్న కోసం బయల్దేరాలా వద్దా అని రెండున్నర రోజులు ఆలోచించాను. పోయిన నాన్న కోసం ఐదు గంటల్లో బయల్దేరాను. విమానం రెండింటికీ ఒకటే. దూరమూ ఒకటే.

తెలుగులో కూతవేటు దూరం అని ఒక మాట ఉంది. ఒకడు గట్టిగా కూత వేస్తే ఇంకొకడికి వినపడేంత దూరం. చిన్నప్పుడు ఇది కొలత అనుకునేవాణ్ణి, గజంలాగా, కోసులాగా. ఇప్పుడు ఆలోచిస్తే ఇది కొలత ఒక్కటే కాదు. గడ్డివాము అంటుకున్నా, పాము కనపడినా, పిల్లాడు కాలవలో పడినా ఎవరో ఒకరు కూత వేస్తారు. విన్నవాడు చేతిలో పని వదిలేసి రావాలి. వినపడిందంటే రావాలి, వినపడలేదంటే రానక్కర్లేదు. వినికిడి ఎంతవరకో బాధ్యత అంతవరకు. చెవి, కాలు, రెండూ ఒకే దూరానికి పనిచేసేవి.

సముద్రం దాటి పోయినవాళ్ళకి ఆ రెండూ ఒకేసారి తెగిపోయాయి. 1860 అక్టోబరులో మద్రాసు నుంచి కూలీలతో బయల్దేరిన ట్రూరో అనే ఓడ నవంబరు 16న దక్షిణాఫ్రికాలో డర్బన్ చేరింది. అందులో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. నెల పైచిలుకు ప్రయాణం. వాళ్ళలో ఒకడికి ఇంటి దగ్గర తండ్రి పోతే, ఆ వార్త అసలు చేరితే, ఎన్నాళ్ళకి చేరేదో. చేరేసరికి ఏడవడానికి కూడా ఆలస్యమే. కానీ ఎందుకు రాలేదని అతన్ని ఎవరూ అడగరు. తనని తాను అడుక్కోనక్కర్లేదు.

అంత వెనక్కి పోనక్కర్లేదు. మా భీమవరంలోనే 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1923లో బోస్టన్ చేరారు. ఎన్ని మందుల వెనక ఆయన చెయ్యి ఉందో మీకు తెలుసు. 1948లో న్యూయార్కులో పోయేదాకా ఒక్కసారి కూడా ఇండియా తిరిగి వెళ్ళలేదు. భార్య శేషగిరి గారు అక్కడే ఉండిపోయారు. ఆయన్ని తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. ఆ రోజుల్లో సముద్రం ఆయన తరఫున జవాబు చెప్పేది. "వెళ్ళలేదు" అన్నా "వెళ్ళలేకపోయారు" అన్నా వినేవాళ్ళకి తేడా తెలిసేది కాదు.

మన తరఫున జవాబు చెప్పే సముద్రం ఇప్పుడు లేదు. విమానం వచ్చి మన పని సులువు చేసిందనుకుంటాం. నిజానికి అది మన సాకు ఒకటి పట్టుకుపోయింది. నెల రోజుల దూరంలో ఉన్నవాడు రాకపోతే అది అతని రాత. ఒకటిన్నర రోజు దూరంలో ఉన్నవాడు రాకపోతే అది అతని నిర్ణయం. దూరం తగ్గినకొద్దీ తప్పు పెరుగుతుంది.

దీనికి తోడు ఫోను. కూత మాత్రం వెయ్యి ఆమడలు వినపడుతోంది. కాలు మాత్రం అక్కడే ఉంది. అమ్మ దగ్గితే బాతెల్‌లో మా వంటింట్లో వినపడుతుంది. నీళ్ళ గ్లాసు మాత్రం అందించలేను. చెవి కూతవేటు దూరంలో ఉంది, చెయ్యి పన్నెండున్నర వేల కిలోమీటర్ల అవతల ఉంది. మన ముందు తరాలవాళ్ళు ఎవరూ ఇలా రెండు ముక్కలుగా బతకలేదు. అందుకే దీనికి వాళ్ళు ఏ నియమమూ పెట్టి పోలేదు. మనమే పెట్టుకోవాలి.

పీటర్ సింగర్ అని ఆస్ట్రేలియా తత్త్వవేత్త ఒకాయన ఉన్నాడు. తూర్పు బెంగాల్ కాందిశీకుల కష్టాలు చూసి 1972లో ఒక వ్యాసం ప్రచురించాడు. కళ్ళెదుట గుంటలో మునిగిపోతున్న పిల్లాణ్ణి బట్టలు తడుస్తాయని వదిలేస్తామా? మరి వేల మైళ్ళ అవతల చచ్చిపోతున్న పిల్లాణ్ణి ఎందుకు వదిలేస్తున్నాం? దూరం వల్ల బాధ్యత తగ్గదు అని ఆయన వాదన. ముక్కూ మొహం తెలియని వాళ్ళ గురించి ఆయన ఈ మాట అన్నాడు. మన చిక్కు దానికి తిరగబడి ఉంటుంది. మన గుంట ఇంటి పక్కన లేదు. మన పిల్లాడు పరాయివాడు కాదు. ఎవరికి ఎక్కువ రుణపడ్డామో వాళ్ళే అందరికన్నా దూరంగా ఉన్నారు. ఇంకో తేడా ఉంది. సింగర్ చెప్పిన కష్టానికి డబ్బు పంపితే చాలా వరకు తీరుతుంది. డబ్బుకి దూరం లేదు, నిమిషాల్లో చేరుతుంది. అందుకే కాబోలు నేనూ ముందు "డబ్బు పంపమంటావా?" అని అడిగాను. నాన్నకి కావలసింది డబ్బు కాదు.

మన దేశంలో 2007లో వచ్చిన తల్లిదండ్రుల పోషణ చట్టం కూడా విదేశాల్లో ఉన్న భారత పౌరులకి వర్తిస్తుందని చెప్తుంది. పిల్లలు పోషణ ఖర్చు ఇవ్వాలి. మంచిదే. కానీ "వాడికి చెప్పారా?" అని అడిగినవాడికి ఏ చట్టం ఏం ఇప్పించగలదు? పైగా నేను పాస్‌పోర్టు మార్చుకున్న రోజే ఆ చట్టం నా మీంచి తప్పుకుంది.

"అయితే పిలిచినప్పుడల్లా పరిగెత్తమంటావా?" అని మీరు అడగొచ్చు. మా ఇంట్లోనే అడిగారు. ప్రతి జ్వరానికీ విమానం ఎక్కడం ఎవరివల్లా కాదు. ఉద్యోగాలున్నాయి, పిల్లల బళ్ళున్నాయి. వీసా స్టాంపింగ్‌కి వెళ్తే తిరిగి రానిస్తారో లేదో తెలియని కుర్రాళ్ళు మా గుడిలోనే ఎంతోమంది ఉన్నారు. వాళ్ళ సంగతి వేరు. 2020 మార్చిలో ఇండియా అంతర్జాతీయ విమానాలు ఆపేసినప్పుడు మనమంతా మళ్ళీ ఓడల కాలానికి వెళ్ళిపోయాం. అప్పుడు మాకు తెలిసినాయన ఒకరు వాళ్ళమ్మ దహనం ఫోనులో చూశారు. ఆయన్ని పలకరించడానికి వెళ్ళి, మాస్కు పెట్టుకుని గుమ్మం అవతలే నిలబడ్డాను. ఆయన ఏడుస్తున్నారు. సిగ్గు పడుతూ చెప్తున్నాను - నాకు ఆయన మీద కాస్త అసూయ కలిగింది. ఆయన రాలేకపోయారు. నేను రాలేదు.

ఇన్నేళ్ళు ఆలోచించాక నాకు తోచింది ఇదీ. బాతెల్ నుంచి భీమవరానికి ముప్ఫై ఒక్క గంటలు అన్నది విమానాల లెక్క. అందులో నేను తగ్గించగలిగింది ఏమీ లేదు, కాబట్టి అందులో నా తప్పూ లేదు. కబురు విన్నప్పటినుంచి కాలు బయట పెట్టేదాకా పట్టే కాలం మాత్రం పూర్తిగా నాది. దాన్ని ఏ టికెట్ మీదా అచ్చు వెయ్యరు. అసలు దూరం అదే. దాన్నే నేను అన్నేళ్ళూ కిలోమీటర్ల ఖాతాలో రాసేశాను.

ఆ కాలంలో నేను చేసిన పెద్ద తప్పు ఆలోచించడం కాదు. ఆలోచించక తప్పదు. "రావాలా?" అని అక్కని అడగడం పెద్ద తప్పు. ఆ ప్రశ్నతో నా బరువు తీసి ఆసుపత్రి బెంచీ మీద కూచున్న మనిషి నెత్తిన పెట్టాను. "రా" అంటే, నాన్న లేచి కూచుంటే, తమ్ముడి చేత డబ్బు దండగ చేయించింది తను. "వద్దు" అంటే, అయ్యాక, కొడుక్కి ఆఖరి చూపు లేకుండా చేసింది తను. పాపం, ఏదీ అనలేక "నీ ఇష్టం" అంది. ఆ మాట నేను అనుమతి కింద తీసుకున్నాను. అడగకుండా "వస్తున్నాను" అనాలి, లేదా "రాను అక్కా, నాకు ఈ రిలీజు ముఖ్యం అనిపిస్తోంది" అనాలి. రెండో మాట నోటితో అనాల్సి వచ్చి ఉంటే, అనగలిగేవాణ్ణి కాదనుకుంటాను.

ఇంకో సంగతి. ఆ శుక్రవారం ఊళ్ళోవాళ్ళందరూ నన్ను చూసి "పాపం, అంత దూరం నుంచి వచ్చాడు" అన్నారు. దూరం నాకొక గౌరవం అయిపోయింది. అక్క ఏలూరులో ఉంటుంది. మూడేళ్ళపాటు వారం వారం బస్సెక్కి రెండు గంటలు ప్రయాణం చేసి వచ్చి, నాన్నకి గోళ్ళు తీసి, మందులు డబ్బాల్లో సర్ది, సాయంత్రం బస్సుకి వెళ్ళేది. ఆ రెండు గంటల్ని ఎవరూ లెక్కపెట్టలేదు. కూడితే నా విమానాలన్నిటికన్నా ఎక్కువే. అయినా తలకొరివి కోసం ఫ్రీజర్ బాక్సు అద్దెకి తెచ్చి మరీ ఎదురు చూసింది నా కోసం. ఆ ముప్ఫై ఆరు గంటలూ ఆ మోటారు పక్కన కూచున్నది మళ్ళీ అక్కే.

మా ఊళ్ళో యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ క్యాంపస్ పక్కన ఒక చిత్తడి నేల ఉంది. చలికాలం సాయంత్రాలు అక్కడికి కాకులు వస్తాయి. ఒకటీ రెండూ కాదు, పదివేల పైన. చుట్టుపక్కల ఊళ్ళన్నిట్లో పగలంతా తిరిగి, చీకటి పడేవేళకి వరసలు వరసలుగా వచ్చి ఆ చెట్ల మీద వాలతాయి. నాన్న తద్దినం జనవరిలోనో ఫిబ్రవరిలోనో వస్తుంది. పిండం పెట్టి కాకి కోసం బెంగ పడక్కర్లేని ఊరు అమెరికాలో బహుశా మాదొక్కటే అని మా ఆవిడతో హాస్యమాడుతుంటాను. ఆ సాయంత్రం వెళ్ళి కాసేపు నిలబడతాను. అన్ని గొంతుల్లో ఏ కూత ఎవరిదో తెలీదు. అక్కడ అప్పుడు తెల్లవారుతూ ఉంటుంది. అమ్మ లేచి ఉంటుంది. అక్కణ్ణించే ఫోను చేస్తాను.

అమ్మకిప్పుడు ఎనభై నాలుగు. అక్క దగ్గరే ఏలూరులో ఉంటోంది. పోయిన దీపావళికి వీడియోలో మాట్లాడుతున్నప్పుడు, చాలా రోజులుగా అనుకుంటున్న మాట చెప్పాను. అక్క, బావ కూడా అక్కడే ఉన్నారు. "అమ్మా, నీకేమైనా అయితే నా కోసం ఆపొద్దు. అక్కే చేస్తుంది. నేను వచ్చినప్పుడు వస్తాను" అన్నాను. అక్క గబుక్కున లేచి లోపలికి వెళ్ళింది. "కొడుకుండగా కూతురేమిటని అంటారేమోరా, పంతులు గారు ఒప్పుకోవద్దూ?" అంది అమ్మ. "ఫ్రీజర్ బాక్సు ఏ శాస్త్రంలో ఉందని అడుగుదాం అత్తయ్యా" అన్నాడు బావ. అమ్మ నవ్వలేదు. నేను హక్కు వదులుకుంటున్నానో, బాధ్యత తప్పించుకుంటున్నానో ఆవిడకి అర్థం కాలేదు. నిజం చెప్పాలంటే నాకూ పూర్తిగా తెలీదు. అది తేలేది ఆ మాటని బట్టి కాదు, ఆ తర్వాత నేను ఏం చేస్తానన్నదాన్ని బట్టి.

అమ్మ కాసేపు స్క్రీన్ వంక చూసి, "అప్పుడు రాకపోతే పోనీలే. ఇప్పుడు రా" అంది.

"ఎప్పుడు రమ్మంటావ్?" అని నోటిదాకా వచ్చింది. ఆపుకున్నాను. అది మళ్ళీ ఆ పాత ప్రశ్నే.

"వస్తున్నానమ్మా" అని, ఫోను పెట్టేసి, టికెట్ల పేజీ తెరిచాను. ఈసారి తెరిచి ఉంచలేదు. కొనేసి మూసేశాను. డిసెంబరులో మూడు వారాలు ఏలూరులో ఉండి వచ్చాను. పెద్దగా ఏమీ చెయ్యలేదు. పొద్దున్నే అమ్మకి కాఫీ కలిపి ఇచ్చేవాణ్ణి. చక్కెర ఎక్కువైందని రోజూ తిట్టేది. అక్క నాలుగు రోజులు వాళ్ళ అమ్మాయి దగ్గరికి వెళ్ళి వచ్చింది. అలా వెళ్ళి రెండేళ్ళయిందట.